గంగమ్మ చెవికి బొట్టు

పొద్దున తొమ్మిదింటికి డెబ్బై ఎనిమిది ఉన్న అంకె, పదకొండయ్యేసరికి ఎనభై అయిదైంది. నూకరత్నం తెర ముందు కూర్చుని ఆ అంకెకేసే చూస్తోంది. అది వందకు చేరితే గంగమ్మ చెవి మూసుకుపోతుంది. చెవి మూసుకుపోతే తండ్రి ఎక్కడున్నాడో చెప్పగలిగేది ఇంకేదీ ఉండదు.

నీలాలపేటలో ముప్పై తొమ్మిది పడవలున్నాయి. తుపాను కబురు విని నిన్న సాయంత్రానికే ముప్పై ఎనిమిది ఒడ్డుకు చేరాయి. రత్నం తండ్రి సూరాడ ఎర్రయ్య పడవ మాత్రం చేరలేదు. అందులో ఎర్రయ్య, అతని జోడీ కొర్లయ్య ఉన్నారు. ఈ ఉదయం తొమ్మిదీ నలభైకి వాళ్ల ఇంజను చప్పుడు చెవికి తగిలింది. రెండు నిమిషాల తర్వాత ఆగిపోయింది. ఆ చోటికి వెళ్లిన రక్షణ ఓడకు కొండల్లాంటి కెరటాలు తప్ప ఏమీ కనిపించలేదు. పడవ అప్పటికే ఎటో కొట్టుకుపోయింది.

గంగమ్మ చెవి అన్నది ఊరివాళ్లు పెట్టిన పేరు. విశాఖపట్నం నుంచి వచ్చిన హైమవతి మేడం ఆరేళ్ల కిందట సముద్రం అడుగున పన్నెండు మైకులు వేయించింది. వాటి తీగలు ఒడ్డున ఉన్న ఈ కాంక్రీటు గదిలోకి వస్తాయి. మైకులు ఎవరైనా వేయగలరు. హోరులో ఒక పడవ గొంతును గుర్తుపట్టడమే మేడం కనిపెట్టిన విద్య. తీర్థంలో తప్పిపోయిన బిడ్డ ఏడుపు వెయ్యి గొంతుల్లోంచి తల్లికి వినిపిస్తుంది కదా, పుట్టినప్పటి నుంచి విన్న గొంతు కాబట్టి. ఈ యంత్రమూ అంతే. ప్రతి పడవ ఇంజనునూ ఆరేళ్లుగా రోజూ వింది. దేన్నీ మరిచిపోలేదు. ఎంత గుర్తుంటే అంత దూరం వింటుంది. ఆ గుర్తంతా గది మధ్యలో ఉన్న ఇనప అరలో, ఆరు హార్డ్ డిస్కుల్లో ఉంది.

సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు చప్పుడును చీరలా మడతపెట్టి చిన్న చోటులో దాచవచ్చు. తుపాను చప్పుడు మడత పడదు. అందుకే ఇవాళ డిస్కులు ఇంత తొందరగా నిండుతున్నాయి.

"రెండు గంటల నలభైకల్లా నిండిపోతుంది," అంది హైమవతి, అట్టపెట్టె కోస్తూ. అందులో రెండు కొత్త డిస్కులున్నాయి. "ఓడవాళ్లు నాలుగు దాకా ఉంటామన్నారు. తర్వాత వాళ్లకూ వెనక్కి వెళ్లక తప్పదట. ఆ లోపల చోటు చెప్పాలి మనం."

రత్నం "మేడం" అంది. హైమవతికి వినపడలేదు.

పదో తరగతి అయినప్పటి నుంచి రత్నం ఈ గదిలోనే పని చేస్తోంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, యంత్రం పోల్చుకోలేని చప్పుళ్లు విని ఎవరివో రాస్తుంది. నలుగురిలో నోరు విప్పని పిల్లకు అది బాగా నచ్చిన పని. ఇప్పుడు ఆమె చెప్పాలనుకున్నది ఒక్క మాట. ఇంజను పాడైతే నాన్న ఊరుకోడు. తెడ్డు తీసి పడవ పక్కబల్ల మీద కొడతాడు. వల వేశాక చేపలు బెదిరి వల వైపు పారాలని ఆ ఊళ్లో అందరూ అలా కొడతారు. ఎవరి దెబ్బ వాళ్లది. నాన్నది మూడు గబగబా, ఒకటి ఆగి. ఇంజను కాదని యంత్రం వాటిని చెత్త కింద పక్కన పెడుతుంది, కాని పారేయదు. వాటిని వెతకవచ్చు కదా?

"మేడం," అంది మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా.

అప్పుడే తలుపు తోసుకుని తల్లి పోలమ్మ వచ్చింది. ఒళ్లంతా తడిసి ముద్దయింది. చీర కొంగులో దాచి కుంకం భరిణె పట్టుకొచ్చింది.

"ఆగమ్మా, ఆగు. కొత్త సామాను బొట్టెట్టకుండా లోపలెట్టేత్తావేటి? కొత్త గరిటి కొన్నా బొట్టెడతాం మేము. ఆయన పాణం దీంట్లో ఉంది."

"పెట్టండి పోలమ్మగారూ. కాస్త త్వరగా."

పోలమ్మ ఉంగరపు వేలు కుంకంలో అద్దింది. డిస్కు మూత మీద ఒక చిన్న రంధ్రం, దాని చుట్టూ తెల్లటి గుండ్రం ఉన్నాయి. వేలు తిన్నగా అక్కడికే పోయింది.

"అక్కడొద్దు!" హైమవతి ఆమె చెయ్యి పట్టేసింది. "ఆ రంధ్రం మీద వద్దమ్మా. డిస్కు ఊపిరి తీసుకునేది అక్కడే."

"ఓలమ్మో, ఇనపముక్కకి ఊపిరేటి?"

"లోపల పళ్లెం తిరుగుతుంటుంది. దాని మీద ఒక సూది గాలిలో తేలుతూ చదువుతుంది. వెంట్రుక మందంలో వేయో వంతు కూడా లేని ఎత్తులో. బయటి గాలి బరువు తగ్గితే లోపలి గాలి బయటికి పోవాలి, లేకపోతే ఉబ్బుతుంది, సూది గతి తప్పుతుంది. మామూలు రోజుల్లో మూసుకుపోయినా తెలియదేమో. ఇవాళ చూడండి." గోడకున్న గాలి బరువు కొలిచే గడియారం చూపించింది. దాని ముల్లు ఎప్పుడూ లేనంత కిందికి వాలి ఉంది. "తుపానంటేనే గాలి బరువు పడిపోవడం."

"నాకేటి తెల్దు తల్లీ," అని పోలమ్మ మూలగా బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది.

రత్నం అరలోని పాత డిస్కులకేసి చూసింది.

నెల కిందట దసరా. హైమవతి సెలవు మీద ఊరెళ్లింది. ఆయుధపూజ నాడు యంత్రానికీ విశ్రాంతి అని చెవిని ఆపి ఉంచారు. నాన్న ఇంజను కడిగి బొట్టు పెట్టాడు. పడవ బొట్టులో గుగ్గిలం కలుపుతారు, ఉప్పునీళ్లకు పోకుండా. రత్నం ఆ గిన్నె తెచ్చుకుని, ఆరు డిస్కులనూ వరస తప్పకుండా ఒక్కొక్కటే బయటికి లాగి, మెత్తటి గుడ్డతో తుడిచి బొట్టు పెట్టింది. ఆ గుండ్రం చూస్తే ఇక్కడే పెట్టమని ఎవరో గీసి ఉంచినట్టుంది. కింద చీమల బారులా ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఆమె చదవలేదు. ఆరింటికీ రంధ్రం మీదే పెట్టింది. ఆరూ గుగ్గిలం బొట్లే. నాన్న వచ్చి చూసి, "బాగెట్టినావే గుంటా," అన్నాడు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. హైమవతి కొత్త డిస్కులను ఖాళీ గూళ్లలోకి తోసింది. పచ్చ దీపాలు వెలిగాయి. "ఆరు బుట్టల చేపల్ని ఎనిమిది బుట్టల్లోకి సమంగా పంచాలి పోలమ్మగారూ. పంచడం అయ్యేదాకా కొత్త చోటు మన చేతికి రాదు. మూడు గంటల పని. సరిగ్గా సరిపోతుంది," అంటోంది. అమ్మ తల ఊపుతోంది. అమ్మ ముఖంలో పొద్దుటి నుంచి లేని చిన్న ఆశ కనిపించింది. నెల రోజులుగా ఏమీ కాలేదు కదా, ఇవాళొక్క రోజు గడవదా అనుకుంది రత్నం. తెడ్డు దెబ్బ సంగతీ ఆ భయంతోపాటే లోపలికి పోయింది.

పోలమ్మ పక్కనున్న తుపాను షెల్టరుకు వెళ్లిపోయింది. పదకొండున్నరకు పంపకం మొదలైంది. డిస్కులన్నీ ఆపకుండా తిరుగుతున్నాయి. గది వేడెక్కింది. గోడ మీది ముల్లు ఇంకాస్త వాలింది.

పన్నెండుకు నాలుగో డిస్కు దీపం ఎర్రబడింది.

హైమవతి వంగి చూసి పెదవి కొరుక్కుంది. "ఆరేళ్ల పాతది. పోతే పోయిందిలే. ఏ ఒక్కటి పోయినా మిగతావి కలిసి దాని లెక్క చెప్పేస్తాయి. ఇంకొకటి పోతేనే..." తర్వాత రత్నంకేసి చూసి, "ఇంకొకటి పోదులే. భయపడకు," అంది.

రత్నం నాలుగు సార్లు లేచి నాలుగు సార్లు కూర్చుంది. చెబితే మేడం ఇంకెప్పుడూ ఈ గది గడప తొక్కనివ్వదు. ఊరంతా తండ్రిని చంపిన కూతురంటారు. చెప్పకపోతే? చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. అయినా మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె దాచుకున్న మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని గొంతును మూసేసినట్టుంది.

పన్నెండూ నలభై అయిదుకు రెండో డిస్కు చప్పుడు మొదలుపెట్టింది. టిక్కు. టిక్కు. గోడ మీద గోరుతో కొట్టినట్టు. దీపం పసుపు రంగులోకి మారింది.

"దేవుడా," అంది హైమవతి.

"మేడం, నేనే."

"ఏంటి నువ్వే?"

"బొట్టు. దసరాకి. ఆరింటికీ ఆ రంధ్రం మీదే. గుగ్గిలం బొట్టు."

హైమవతి తిట్టలేదు. కొట్టినా బాగుండేదని రత్నానికి తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆమె ఊరికే అడిగింది.

"మీ అమ్మ చెయ్యి నేను పట్టుకున్నప్పుడు నువ్విక్కడే ఉన్నావు కదా?"

"ఉన్నాను."

"గంటన్నరైంది రత్నం."

మరుక్షణం ఆమె మీటలు నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి చచ్చాక నడుస్తున్న యంత్రంలోంచి ఇంకొకటి లాగితే అన్నీ పోయినట్టే. మొత్తం ఆపాలి. పంపకం సగంలో ఆపితే మళ్లీ లేస్తుందో లేదో తెలియదు. ఆపకపోతే ఆ పసుపు దీపం ఎర్రబడుతుంది. మధ్యేమార్గం లేదు. ఒంటిగంటకు గంగమ్మ చెవి ఆగిపోయింది. డిస్కుల రొద పోయి గదిలోకి బయటి గాలి అరుపు వచ్చి చేరింది.

"నీళ్లు తగలకూడదు. పొడి లోపలికి పోకూడదు. మూత కిందికి తిప్పి, బయటివైపుకే గీకు," అంది హైమవతి. రత్నం వల అల్లే వెదురు సూది తీసుకుంది. గుగ్గిలం రాయిలా గట్టిపడి ఉంది. సూది మొన అంచు కింద పెట్టి కొంచెం కొంచెంగా ఎత్తింది. మొదటి బొట్టు పెచ్చులా ఊడి ఒడిలో పడింది. రంధ్రంలోంచి సన్నగా, పాము బుసలా, గాలి బయటికి వచ్చింది.

రెండో డిస్కు తీస్తూ, "ఇంకోటి కూడా చెప్పాలి మేడం," అంది. తెడ్డు దెబ్బ గురించి చెప్పింది. మూడు గబగబా, ఒకటి ఆగి. ఇప్పుడు మాటలు ఆగకుండా వస్తున్నాయి. హైమవతి చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"పాత దెబ్బలు మన దగ్గర ఉన్నాయా?"

"ఆరేళ్లవీ ఉన్నాయి మేడం. నాన్న వేటకెళ్లిన ప్రతి రోజువీ."

ఒంటిగంటా ఇరవై అయిదుకు మళ్లీ మీట నొక్కారు. ఒక పచ్చదీపం. రెండు. మూడు. రెండో డిస్కు చాలాసేపు ఆలోచించి పచ్చబడింది. నాలుగోది ఎర్రగానే ఉండిపోయింది. పంపకం ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలైంది, కాని సగం వేగంతో. సాయంత్రం అయిదుకు గాని పూర్తికాదు. డిస్కులు నిండిన అంకె తొంభై అయిదు చూపిస్తోంది.

"చోటు కావాలి. దేన్నైనా చెరపాలి," అంది హైమవతి. "మీ నాన్న పడవ పాత చప్పుళ్లు చెరపకూడదు, పోల్చడానికి అవే కావాలి. మిగిలినవి ఆ ముప్పై ఎనిమిది పడవలవి." ఆమె కణతలు నొక్కుకుంది. "అవి నావి కావు రత్నం, చెరపడానికి. ఎవరిది వాళ్లని అడగాలి. వెళ్లు."

"నేనా?"

"నేను కదిలితే ఇది చూసేవాళ్లు లేరు."

తుపాను షెల్టరులో ఊరంతా ఉంది. పిల్లల ఏడుపులు, తడిబట్టల వాసన, మూల ఎక్కడో గంజి కాగుతున్న పొగ. రత్నం గుమ్మంలో నిలబడింది. ఆమె నీళ్లోడుతూ నిలబడ్డ తీరు చూసి ఒక్కొక్కరే మాటలాపారు. అంతమంది తనవైపు చూడటం ఆమెకు జీవితంలో అదే మొదలు.

అంతా చెప్పింది. బొట్టు, రంధ్రం, గంటన్నర నోరు విప్పకపోవడం, ఏమీ మిగల్చలేదు. తర్వాత అడగవలసింది అడిగింది.

ఊరిపెద్ద బర్రి గవరయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. "అంటే ఏటి, మల్లీ తుపానొస్తే మా పడవల్ని అది పోల్చుకోదా?"

"పోల్చుకోదు తాతా. మళ్లీ నేర్చుకోడానికి ఏళ్లు పడతాది."

"నోట్లో నాలిక నేదనుకున్నాం గాని," అంది వెనకనుంచి ఎవరో ముసలామె, "ఎట్టకూడని సోట బొట్టెట్టడానికి సెయ్యి మాత్రం ఉంది దీనికి."

"నా బిడ్డలు ముగ్గురూ ఏటకెల్తారు," అంది ఇంకొకామె. "ఆలు తప్పిపోతే ఎవరినడగాల?"

పోలమ్మ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చుంది. కూతురి వైపు చూడలేదు. అప్పుడు కొర్లయ్య పెళ్లాం చిట్టమ్మ చంకలో బిడ్డతో లేచింది.

"ఆ పడవలో మా ఆయనా ఉన్నాడు. వద్దన్నోలు సెయ్యెత్తండి. మీ మొకాలు ఒకపాలి సూసుకుంటాను, రేపు దారిలో ఎదురైతే గురుతుండాల కదా."

చెయ్యి ఎవరూ ఎత్తలేదు. గాలికి రేకు ఒకటి ఎగిరి గోడకు కొట్టుకుంది. గవరయ్య చుట్ట నేలకు రాసి ఆర్పాడు.

"నాది సెరిపీయే," అన్నాడు.

"మాదీ." "మాదీ సెరిపీ." "మా రెండూ." ముగ్గురు బిడ్డల తల్లి అందరికన్నా ఆఖర్న, ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి ఊపింది.

రత్నం వెనక్కి పరిగెత్తింది. పోలమ్మ, చిట్టమ్మ ఆమె వెనకే వచ్చారు. హైమవతి పేర్లు చదువుతుంటే రత్నం ఒక్కొక్కటే చెరిపింది. ఆరేళ్ల చప్పుడు ఒక్క పడవకు నాలుగు క్షణాల్లో పోయింది. తొంభై ఏడు నుంచి అంకె దిగి, దిగి, ఇరవై రెండు దగ్గర ఆగింది.

అప్పుడు ఎర్రయ్య దెబ్బ ఒకటి తీశారు. పోయిన జనవరిది, సముద్రం అద్దంలా ఉన్న రోజుది. టకటకటక, టక్. గదిలో ఆ చప్పుడు వినిపించేసరికి పోలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ దెబ్బను ఇవాళ్టి హోరులో వెతకమని యంత్రానికి చెప్పారు.

మూడు గంటలకు తెర మీద మొదటి చుక్క పడింది. తొమ్మిదీ యాభై ఒకటి. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. తెర మీద చుక్కలు బారుగా నైరుతి వైపు సాగాయి. పదింటికి కొట్టాడు. పదిన్నరకు కొట్టాడు. పదకొండుకు, తల్లి కుంకం పట్టుకొచ్చినప్పుడు కొట్టాడు. పన్నెండుకు, నాలుగో దీపం ఎర్రబడినప్పుడు కొట్టాడు. రత్నం లేచి కూర్చుంటున్నప్పుడల్లా కొడుతూనే ఉన్నాడు. ఆఖరి చుక్క పన్నెండూ ముప్పై ఒకటికి పడింది.

ఆ తర్వాత చుక్కల్లేవు.

"ఒంటిగంటకు కదా మనం ఆపింది," అంది హైమవతి నెమ్మదిగా. "అరగంట ముందే..."

రత్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ముప్పై ఒకటి తర్వాత చప్పుడును తన చెవులతో వింది. హోరు, హోరు. కళ్లు మూసుకుంది. ముప్పై అయిదు. ముప్పై ఏడు. అప్పుడు వినిపించింది. టక్, టక్. ఆగి, టక్, టక్. బలం లేని దెబ్బ. బల్ల అదే, తెడ్డూ అదే. చెయ్యి వేరు.

ఆమె ఆ దెబ్బను పట్టుకుని ముందుకు వెళ్లింది. చెవి ఆగిన ఇరవై అయిదు నిమిషాలు దాటి, షెల్టరులో నిలబడ్డ సమయం దాటి, ఇప్పటిదాకా వచ్చింది. టక్, టక్. ఇంకా ఉంది. గుర్తులు పెడుతుంటే హైమవతి చోటు లెక్కగట్టి వైర్‌లెస్‌లో ఓడకు చదివింది. రెండుసార్లు చదివింది. అటునుంచి "వస్తున్నాం" అన్న మాట వచ్చింది.

"ఇనపడిందేటే? మీ నానేనా?" పోలమ్మ కూతురి భుజం పట్టుకుంది. ఆమె ఇంకో చెయ్యి చిట్టమ్మ చేతిలో ఉంది.

"పడవ దొరికిందమ్మా."

"నేనడిగింది అది కాదు."

రత్నం హెడ్‌ఫోన్లు తీసింది. ఈ ఒక్క మాట దాచుకుంటే ఇంకొక్క గంట అమ్మ బతికినట్టు ఉంటుంది. కాని ఇవాళ దాచుకున్నవి చాలు.

"కొర్లయ్య బావ కొడతన్నాడమ్మా. పన్నెండున్నర నుంచి బావే."

చిట్టమ్మ గొంతులోంచి ఏదో సంతోషం లాంటిది రాబోయి సగంలో ఆగింది. ఆమె పోలమ్మ చెయ్యి వదల్లేదు.

"అలిసిపోనాడు," అంది పోలమ్మ. "పదింటి కాడ్నుంచి కొట్టాడు కదా. తెడ్డు కొర్లయ్యకిచ్చి పడుకునుంటాడు. అంతే." తెర మీది ఆఖరి చుక్కను వేలితో తాకింది. "పడుకునుంటాడంతే," అంది మళ్లీ.

నాలుగుకు పదినిమిషాల ముందు ఓడ నుంచి కబురొచ్చింది. తిరగబడ్డ పడవ మీద ఒక్కడే మనిషి దొరికాడు.

తొమ్మిదో రోజున సముద్రం చల్లబడింది. పడవలు మళ్లీ వేటకు కదిలాయి. నాలుగో గూట్లో కొత్త డిస్కు పెట్టారు. చోటు ఇప్పుడు ఎంతైనా ఉంది. ప్రతి డిస్కు మీదా తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ అంటించి ఉంది: ఈ రంధ్రం మూయకూడదు.

తెల్లవారుతుండగా తెర మీద వరసలు పడటం మొదలైంది. ఎవరో తెలియదు. ఎవరో తెలియదు. ఎవరో తెలియదు. ఊరిచ్చిన ముప్పై ఎనిమిది పడవలూ యంత్రానికి ఇవాళ కొత్తవే. దానికి పూర్తిగా గుర్తున్న పడవ ఒక్కటే. అందుకే అన్నిటి కింద ఒక వరస తనంతట తానే మెరుస్తోంది: సూరాడ ఎర్రయ్య, ఇంకా రాలేదు, వెతుకుతున్నాను.

దాన్ని ఆపడానికి ఒక్క మీట చాలు. హైమవతి ఆ మీట వైపు చూసి, రత్నం వైపు చూసి, టీ తెస్తానని బయటికి వెళ్లిపోయింది.

రత్నం ఆ వరసను అలాగే ఉండనిచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గింది. కొంచెం దగ్గుతూ నడిచే పాత ఇంజను. యంత్రానికి తెలియకపోయినా ఆమెకు తెలుసు.

"బర్రి గవరయ్య తాతది," అంది హెడ్‌ఫోన్లకున్న మైకులోకి, గది దాటి వినపడేంత గట్టిగా.